చెరకు పిప్పి పళ్ళెం

ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్ళలో ప్రసాదం తిని పారవేసిన పళ్ళేలు ఏమవుతాయో ఎప్పుడైనా గమనించారా? గాలికి ఎగిరి కాలువలో పడతాయి. థర్మోకోల్ పళ్ళెమైతే మునగదు, కుళ్ళదు. తేలుతూ పోయి తూముకు అడ్డం పడుతుంది. ఇటువంటి పళ్ళేలను, ప్లాస్టిక్ గ్లాసులను, చెంచాలను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. మరి వాటి స్థానంలో ఏది రావాలి?

ఇక్కడే చిక్కు ఉంది. వేడి చారు పోస్తే పళ్ళెం అరగంటసేపు తడిసి మెత్తబడకూడదు. మట్టిలో పడితే మాత్రం తడిసి కుళ్ళాలి. ఈ రెండు గుణాలూ ఒకచోట కుదరడం కష్టం. అరటాకు పైనున్న పలుచని మైనంపొర ఈ పని చక్కగా చేస్తుంది. నా మటుకు నాకు అరటాకే ఇష్టం. కాని ఆకు వాడిపోతుంది, చిరుగుతుంది, దొంతర్లు పెట్టి నెలల తరబడి దాచలేము.

ఉయ్యూరు అనగానే పంచదార మిల్లు గుర్తుకు వస్తుంది. 1941లో వెలగపూడి రామకృష్ణ స్థాపించిన కె.సి.పి. సంస్థ ఈ మిల్లుతోనే మొదలైంది. 100 కిలోల చెరకు ఆడితే సుమారు 30 కిలోల తడి పిప్పి మిగులుతుంది. ఈ పిప్పితో పళ్ళేలు చేయవచ్చు.

పిప్పిని కాస్టిక్ సోడాతో ఉడికిస్తే పీచులను అంటిపెట్టుకున్న లిగ్నిన్ కరిగిపోతుంది. సెల్యులోజ్ పీచులు మిగులుతాయి. వాటిని కడిగి, నీళ్ళలో గుజ్జుగా కలిపి, వేడి అచ్చులో నొక్కుతారు. నీరు ఆవిరైపోయేకొద్దీ పీచులు దగ్గరవుతాయి. వాటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదానినొకటి పట్టుకుంటాయి. జిగురుతో పనిలేదు! చాలాసేపు నానితే నీటి అణువులు ఆ బంధాల మధ్య దూరి పీచులను విడదీస్తాయి. అప్పుడు సూక్ష్మజీవుల పని సులువవుతుంది.

అయితే నూనె ఇంకకుండా కొందరు తయారీదారులు ఫ్లోరిన్ ఉన్న రసాయనాలు కలుపుతారు. పీచు కుళ్ళినా అవి మట్టిలోనే ఉండిపోతాయి. మరొక సంగతి: మిల్లులు పిప్పిని బాయిలర్లలో కాల్చి ఆవిరి, విద్యుత్తు తయారుచేసుకుంటాయి. పిప్పి అంతా పళ్ళేలకే పోతే బాయిలర్‌కు బొగ్గు కొనవలసిరావచ్చు. గుజ్జు కడిగిన నల్లని నీటిని శుద్ధి చేయకుండా కాలువలోకి వదిలితే అసలు ప్రయోజనమే పోతుంది.

బజారులో దొరికే పళ్ళేలను మీరే పరీక్షించండి. మెరిసే కాగితపు పళ్ళెం ముక్కను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉదయం గోటితో గీకి చూడండి. పలుచని పొర విడిగా ఊడివస్తే అది చాలావరకు ప్లాస్టిక్కే. తరువాత అరటాకు, పిప్పి పళ్ళెం, కాగితపు పళ్ళెం ముక్కలను ఒకే కొలతకు కత్తిరించి, తోటమట్టి నింపిన మూడు కుండీలలో పాతిపెట్టండి. పదిహేను రోజులకొకసారి తీసి, బొమ్మ గీసుకుని, మళ్ళీ పాతండి. మట్టి ఎండనివ్వకండి. తేమ లేనిదే సూక్ష్మజీవులు పనిచేయవు.