మ్యాప్ గీసే స్క్రిప్టు... రెజ్యూమెలో కొత్త ప్రాజెక్టు!

‘ప్రాజెక్టు ఏం చేశావ్?’ అని ఇంటర్వ్యూలో అడగ్గానే చాలామంది నోట వచ్చేది లైబ్రరీ మేనేజ్‌మెంటో, అటెండెన్స్ యాప్పో. అంతవరకూ ఫర్వాలేదు. ‘అందులో ఎక్కడ ఇబ్బంది పడ్డావ్?’ అన్న రెండో ప్రశ్న దగ్గరే నోరు పెగలదు. సీనియర్ దగ్గర తెచ్చుకున్న కోడ్‌లో మనం పడ్డ ఇబ్బంది ఏముంటుంది మరి! పైసా ఖర్చు లేకుండా, నిజంగా ఇబ్బంది పెట్టే ప్రాజెక్టు ఒకటుంది. అక్షరాలతో నడిచే ఆన్‌లైన్ గేమ్‌కి దానంతటదే మ్యాప్ గీసే స్క్రిప్టు.

బొమ్మల్లేని ఆట

ఈ గేముల్ని మడ్ (మల్టీ యూజర్ డంజన్) అంటారు. మొదటిదాన్ని 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెడితే, తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లారు. తెర మీద గది పేరు, నాలుగు వాక్యాల వర్ణన, బయటికి దారులు కనిపిస్తాయంతే. ‘నార్త్’ అని టైప్ చేస్తే ఉత్తరం గదిలోకి వెళ్తాం. వంద గదులు దాటేసరికి ఎక్కడున్నామో తెలీదు. ఒకప్పుడు ఆటగాళ్లు కాగితం, పెన్సిల్ పట్టుకుని మ్యాప్ వేసుకునేవారు. ఆ పని ఇప్పుడు మీ స్క్రిప్టు చేయాలి.

ఇందుకు మడ్‌లెట్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ పనిచేస్తుంది. మ్యాప్ విండో అందులోనే ఉంటుంది. స్క్రిప్టులు లువా భాషలో రాయాలి. పైథాన్ వచ్చినవాళ్లకి అది పెద్ద కష్టం కాదు. ముందే ఏదైనా రెడీమేడ్ మ్యాపింగ్ స్క్రిప్టు ఇన్‌స్టాల్ అయి ఉంటే ప్యాకేజ్ మేనేజర్‌లోంచి తీసేయండి. లేదంటే రెండూ ఒకే మ్యాప్ మీద కొట్టుకుంటాయి.

జీఎంసీపీ పద్ధతి ఉన్న గేముతో మొదలుపెట్టండి. ఉదాహరణకు అకేయా. ఇలాంటి గేముల్లో మీరు గది మారిన ప్రతిసారీ సర్వర్ తెర వెనక ఒక జేసన్ సందేశం పంపుతుంది. గది నంబరు, పేరు, ప్రాంతం, ఏ దారి ఏ నంబరు గదికి పోతుందో అన్నీ అందులో ఉంటాయి. ఆ సందేశం రాగానే మీ ఫంక్షన్ నడవాలి. ఆ నంబరు మ్యాప్‌లో లేకపోతే కొత్త గది చేర్చాలి, దారులు కలపాలి. ఉత్తరానికి వెళ్తే వై విలువకి ఒకటి, తూర్పుకైతే ఎక్స్‌కి ఒకటి కలుపుతూ గడిని పెట్టాలి. యాభై, అరవై లైన్ల కోడ్‌తో మ్యాప్ పెరగడం మొదలవుతుంది.

అసలు తిప్పలు ఇక్కడ

జీఎంసీపీ లేని గేముకి వెళ్లారా, కథ మారుతుంది. నంబర్లుండవు, వచ్చిన టెక్స్టులోంచే గది పేరు పట్టుకోవాలి. ‘అడవి దారి’ పేరుతో ఇరవై గదులుంటే ఇది పాతదా, కొత్తదా? పేరు, వర్ణన, దారులు మూడూ కలిపి పోల్చినా ఒక్కోసారి తప్పుతుంది. పైగా గేములోని లోకం గళ్ల కాగితం కాదు. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర తిరిగొస్తే మొదటి గదికే చేరతామన్న గ్యారంటీ లేదు. రెండు గదులు ఒకే గడిలో వచ్చి కూర్చుంటాయి.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇంకోటుంది. ‘నార్త్’ అని టైప్ చేయగానే స్క్రిప్టు మ్యాప్‌లో ముందుకు జరిగిపోతుంది. అక్కడ తలుపు తాళం వేసుంటే? ఆటగాడు ఉన్నచోటే ఉంటాడు, మ్యాప్ మాత్రం పక్క గదిలో ఉంటుంది. ఆ తర్వాత గీసిందంతా తప్పే! అందుకే పంపిన కమాండ్లను వరుసలో దాచుకుని, సర్వర్ నుంచి కొత్త గది కబురు వచ్చాకే మ్యాప్ కదపాలి. ‘దారి లేదు’ అన్న జవాబొస్తే వరుసలోంచి ఆ కమాండ్ తీసేయాలి. పేమెంట్ యాప్‌లో ‘పే’ నొక్కగానే డబ్బు వెళ్లిపోయినట్టు చూపించకూడదు కదా, ఇదీ అంతే. ఇంటర్వ్యూలో ఈ ఒక్క తప్పు, మీరు దాన్ని దిద్దిన తీరు చెప్పండి చాలు. తర్వాతి ప్రశ్నలు దాని చుట్టూనే తిరుగుతాయి.

గ్రాఫ్ పాఠం కూడా ఇందులోనే ఉంది. గదులే నోడ్లు, దారులే ఎడ్జులు. రెండు గదుల మధ్య దగ్గరి దారి వెతికే ఫంక్షన్ మడ్‌లెట్‌లో రెడీగా ఉంది. దాన్ని వాడే ముందు బీఎఫ్ఎస్‌తో సొంతంగా రాసి, రెండు జవాబులూ పోల్చి చూడండి.

కోడ్ గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు పాడైపోయిన మొదటి మ్యాప్ స్క్రీన్‌షాట్ కూడా జతచేయండి. ఇంకో మాట. మనిషి దగ్గర లేకుండా స్క్రిప్టే ఆడేయడాన్ని చాలా గేములు ఒప్పుకోవు, అకౌంటే పోవచ్చు. మొదలుపెట్టే ముందు ఆ గేము రూల్స్ పేజీ ఓసారి చదవండి.