ఇది వీసాల చిలుకూరు కాదు... వీడియోల చిలుకూరు!

"చిలుకూరు వెళ్తున్నాను" అనగానే హైదరాబాదు మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న... "వీసా కోసమా?" అని! మొక్కుకున్నప్పుడు 11, మొక్కు తీరాక 108 ప్రదక్షిణలు చేసే బాలాజీ చిలుకూరు వేరు బాబూ, నేను వెళ్ళేది సూర్యాపేట జిల్లాలో, కోదాడ పక్కనున్న చిలుకూరు అని ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మరి అక్కడేముంది?" అన్నారు.

ఏముందా? సోషల్ మీడియా సదస్సుంది! యూట్యూబ్ ఛానెళ్ళు నడిపేవాళ్ళు, రీల్సు చేసేవాళ్ళు, ఇంకా పట్టు వదలకుండా బ్లాగు రాసేవాళ్ళు ఒకచోట కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే సభ. నన్ను అతిథిగా పిలిచారనుకునేరు... కాదు! కుర్చీలు వేయించటం దగ్గర్నుంచి పులిహోర లెక్కల దాకా, నిర్వాహకుల్లో నేనూ ఒకణ్ణి.

హీరో ఎవరన్నా?

కథ ఇలా మొదలైంది. చిలుకూరు కుర్రాళ్ళు ముగ్గురు కోదాడలో నన్ను పట్టుకున్నారు. "అన్నా, నువ్వు సినిమా వార్తలు రాస్తవ్ గదా. ఒక్క హీరోను తీసుకురా, జనం వాళ్ళే వస్తరు" అన్నారు. హీరో వస్తే జనం వస్తారు, నిజమే. కానీ హీరో కారెక్కగానే ఆ జనమూ వెళ్ళిపోతారు! ఈ సభకు హీరోలు మీరేనయ్యా అని వాళ్ళకు నచ్చజెప్పటానికి రెండు సాయంత్రాలు పట్టింది. టీలు ఎన్నయ్యాయో లెక్కలేదు.

ఆ మాటకొస్తే ఈ గడ్డకు నటుల కరువెప్పుడూ లేదు. కత్తి కాంతారావుగారిది కోదాడ దగ్గర గుడిబండ. డాక్టరీ చదివి నటుడైన ప్రభాకరరెడ్డిగారిది తుంగతుర్తి. ఆ రోజుల్లో తెర మీద కనిపించాలంటే ఊరు విడిచి మద్రాసు చేరాల్సిందే. కాంతారావుగారు అక్కడ వెలిగారు. సొంత చిత్రాలు తీసి ఆస్తులూ పోగొట్టుకున్నారు. సినిమా పిచ్చి ఖరీదేమిటో ఈ ప్రాంతం వాళ్ళకు వేరే చెప్పాలా?

ఇవాళ లెక్క మారింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' సంగతే చూడండి. పొలం పనులు చేసుకునే గంగవ్వ కెమెరాను వెతుక్కుంటూ వెళ్ళలేదు. కెమెరాయే ఆమె వాకిట్లోకొచ్చింది! 2020లో ఆమె బిగ్ బాస్ ఇంట్లో అడుగుపెట్టింది. సినిమాల్లోనూ కనిపించింది. మన కుర్రాళ్ళ కళ్ళల్లో వెలుగుతున్నది ఆ దీపమే.

పార్కు నుంచి పల్లెకు

అన్నట్టు, ఇలాంటి సభలు ఇప్పుడు కొత్తగా పుట్టినవేం కావు. నేను డిగ్రీ చదివే రోజుల్లో హైదరాబాదు యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో తెలుగు బ్లాగర్లు కలిసేవారు. వేదిక లేదు, మైకు లేదు. చెట్టు కింద కూర్చుని తెలుగు టైపు చేయటమెలాగో ఒకరికొకరు నేర్పుకునేవారు. ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు కురిపించే 'లేఖిని' అప్పుడు మాకు కల్పవృక్షం. డిసెంబరు రెండో ఆదివారాన్ని తెలుగు బ్లాగుల దినోత్సవంగా జరుపుకోవటం ఆ తరం పెట్టిన ఆనవాయితీ. మా సభకూ ఆ ఆదివారమే ఖాయం చేశాం.

తెల్లారింది. అరవై కుర్చీలు వేయించాం. పదిన్నరకి వచ్చినవాళ్ళు పదకొండు మంది! నా గుండె జారిపోయింది. పన్నెండయ్యేసరికి హుజూర్‌నగర్ నుంచీ మిర్యాలగూడ నుంచీ మోటారు సైకిళ్ళు దిగాయి. ముప్ఫై ఎనిమిది మందితో సభ మొదలైంది. మొదలైన పావుగంటకు కరెంటు పోయింది. సినిమా హాల్లో అయితే ఈలలు పడేవి. ఇక్కడ అందరూ సెల్‌ఫోను లైట్లు వెలిగించారు!

డబ్బుల ముచ్చట రాగానే నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చున్నాడు. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దానితోపాటు ఏడాదిలో 4,000 గంటలు జనం చూడాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. సినిమా పాట వెనకాల పెట్టుకుంటే? హక్కులున్న కంపెనీ ఆ ఆదాయం తనవైపు తిప్పుకోవచ్చు, వీడియో తీసేయించనూ వచ్చు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానెలే మూతపడుతుంది. "మరి డబ్బు తీసుకుని సినిమా బాగుందని చెప్తే?" అని ఒకడు కొంటెగా అడిగాడు. తీసుకున్న సంగతి చెప్పి తీరాలి నాయనా! 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రచారానికి పది లక్షల దాకా జరిమానా ఉంది. అడిగినవాడు టక్కున కూర్చున్నాడు.

ఒక గొంతు పోయింది

అప్పుడు వెనక వరసలోంచి ఓ అమ్మాయి లేచింది. పాతికేళ్ళుంటాయేమో. మైకు వద్దంది.

"మా అమ్మమ్మ నాట్లేసేటప్పుడు పాటలు పాడేది సార్. నేను టిక్‌టాక్‌లో పెట్టిన. మస్తు మంది చూసిన్రు. ఫోన్ల జాగా లేదని ఇక్కడ అన్నీ తీసేసిన. అండ్లనే ఉన్నయ్ గదా అనుకున్న. ఆ సంక్రాంతి దాటినంక అమ్మమ్మ చనిపోయింది. వానాకాలంల టిక్‌టాక్ బందయింది. నా ఫాలోవర్స్ పోతే పోయిన్రు... మా అమ్మమ్మ గొంతు ఏడ దొరుకుతది సార్?"

2020 జూన్ 29 రాత్రి 59 యాప్‌ల మీద కేంద్రం నిషేధం ప్రకటించిన సంగతి అందరికీ తెలుసు. మేమంతా దాన్ని వ్యాపారం లెక్కలోనే చూశాం. ఆ ప్రశ్నకు మాత్రం వేదిక మీద ఎవరి దగ్గరా జవాబు లేదు. నాకు మన తొలి టాకీ గుర్తొచ్చింది. 1932 నాటి 'భక్త ప్రహ్లాద'! పేర్లు మిగిలాయి, చరిత్ర మిగిలింది. చూద్దామంటే ప్రింటు లేదు. అంతంత పెట్టుబడి పెట్టిన సినిమావాళ్ళకే జరిగిన నష్టం, ఐదు వేల ఫోనున్న అమ్మాయికి జరగదా?

భోజనాల దగ్గర విస్తళ్ళు వేస్తున్న పెద్దావిడ ఈ మాటలు విన్నది. "గా పాటలు నాకూ వస్తయ్ బిడ్డా" అన్నది. అంతే! పులిహోర చల్లారిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు. మూడు ఫోన్లు పెట్టి రికార్డు చేశారు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే పొలాల్లో ఎన్ని వానాకాలాలు పాడిందో ఏమో, మధ్యలో రెండు చరణాలు మరిచిపోయి తనే నవ్వేసింది.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. "మాటలు ఇవే. మా అమ్మమ్మ రాగం ఇట్ల ఉండకపోయేది" అన్నది. అని ఊరుకోలేదు. పెద్దావిడను అడిగి పేరూ, ఊరూ, ఏ పనికి ఏ పాటో రాసుకుంది. ఆ సాయంత్రమే బ్లాగు ఎలా తెరవాలో నా దగ్గర నేర్చుకుంది. రికార్డింగు ఒక ప్రతి ఫోనులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి ఆన్‌లైన్‌లో. మా సభ చేసిన తీర్మానం ఏదైనా ఉందంటే అదొక్కటే!

హీరో లేని సభ అని మొదట బాధపడ్డ కుర్రాళ్ళు, కుర్చీలు లెక్కపెడుతూ నన్నడిగారు, "అన్నా, వచ్చే డిసెంబరుకు ఎవరిని పిలుద్దాం?"

నేను చెప్పేలోపే ఒకడు అందుకున్నాడు. "మా నానమ్మను పిలుస్త. ఆమెకు బతుకమ్మ పాటలన్నీ వచ్చు."

ఈసారి అరవై కుర్చీలు చాలవేమో!