జోబ్రా గ్రామపు వెదురు పీటలు

బంగ్లాదేశమునందు చిట్టగాంగు విశ్వవిద్యాలయమునకు చేరువలో జోబ్రా అను చిన్న గ్రామము కలదు. అచ్చటి పేద స్త్రీలలో కొందరు వెదురుతో పీటలు అల్లి జీవించుచుండిరి. 1974లో ఆ దేశమున ఘోరమైన కరవు సంభవించినది. విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము బోధించుచున్న మహమ్మద్ యూనస్, పుస్తకములలోని సిద్ధాంతములకును కన్నుల యెదుటి ఆకలికిని పొంతన కానక, విద్యార్థులతో కూడి ఆ గ్రామమున ఇల్లిల్లు తిరిగి పేదల బ్రతుకుతెరువును విచారింపసాగెను.

1976లో ఆయన పీటలల్లు ఒక స్త్రీని ప్రశ్నింపగా తేలిన లెక్క ఇది. ఒకనాటి పనికి కావలసిన వెదురు వెల ఐదు టాకాలు. (టాకా యనగా ఆ దేశపు నాణెము, మనకు రూపాయి వంటిది.) ఆ ఐదు టాకాలు ఆమెకడ లేవు. వర్తకుడు వెదురును అరువిచ్చును. సాయంకాలమునకు అల్లిన పీటలను అతనికే, అతడు చెప్పిన వెలకే అమ్మవలెను. దినమెల్ల వ్రేళ్లు ఒరసికొనిపోవునట్లు అల్లినను ఆమెకు మిగులునది ఏబది పైసలు.

బాలలారా, ఈ లెక్కను కొంచెము నిదానించి చూడుడు. ఆమెకు పనితనము కలదు. సోమరితనము అసలే లేదు. పీటలకు గిరాకి యున్నది. లేనివి ఐదు టాకాలు మాత్రమే. వడ్డీ వ్యాపారికడ తెచ్చుకొందమన్నను వారమునకు నూటికి పది వడ్డీ. ముడిసరకు ఎవనిదో వెల నిర్ణయించువాడును వాడే యగుటచే, ఆమె తన యింట కూర్చుండియే కూలిదయ్యెను. మన ప్రాంతమున నూలిచ్చి చీర పుచ్చుకొను షావుకారు క్రింద మగ్గము నేయు కుటుంబముల స్థితియు ఇట్టిదే.

ఇట్లు వర్తకులకు కట్టుబడినవారి జాబితా వ్రాయగా ఆ గ్రామమున 42 మంది తేలిరి. వారికందరికిని కలిపి కావలసిన మొత్తము 856 టాకాలు! యూనస్ ఆ పైకమును తానే యిచ్చి, మంచి వెల వచ్చినచోట సరకు అమ్ముకొని వీలైనప్పుడు తీర్పుడని చెప్పెను. పిదప బ్యాంకు నాశ్రయింపగా, చేవ్రాలు చేయలేనివారికి, తాకట్టు పెట్టుటకు ఏమియు లేనివారికి అప్పు కుదరదనిరి. తుదకు ఆయనయే పూచీపడి అప్పు ఇప్పించెను.

తాకట్టునకు మారుగా క్రమముగా ఒక పద్ధతి యేర్పడినది. ఐదుగురు ఒక జట్టుగా చేరుదురు. ముందు ఇద్దరికి అప్పు. వారు వారము వారము వాయిదాలు సరిగా చెల్లించినచో తక్కినవారికి. ఒకరు తప్పినచో నలుగురికి అడ్డు వచ్చును గనుక ఇరుగుపొరుగుల మాటయే పూచీ. ఈ ప్రయత్నమే 1983లో గ్రామీణ బ్యాంకుగా రూపొందినది. మొదట స్త్రీలే జంకి, పైకము తామెన్నడు చేత పట్టలేదనియు, తమ మగవారికిమ్మనియు పలికిరి. కాలక్రమమున సభ్యులలో వారే నూటికి తొంబదికి పైబడిరి. 2006లో ఆ బ్యాంకునకును యూనస్‌కును నోబెల్ శాంతి బహుమతి లభించినది.

అయితే అప్పు ఎల్లెడల మేలే చేయుననుకొనరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కొన్ని ప్రైవేటు సంస్థలు పోటీపడి ఒకే యింటికి పలు అప్పులిచ్చి, అధిక వడ్డీతో నిర్బంధించి వసూలు చేయగా పేద కుటుంబములు నలిగిపోయినవి. 2010లో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వానిని కట్టడి చేయవలసి వచ్చెను. అప్పు సొమ్ముతో వెదురు కొనినచో అది పీటయై తిరిగివచ్చును. పాత బాకీకి పోసినచో తిరిగివచ్చునది ఏమున్నది?

గ్రామీణ బ్యాంకు 1984 నుండి ఇండ్లకును అప్పులీయసాగినది. దానికొక నిబంధన పెట్టిరి. ఇంటి స్థలము అప్పు తీసికొను స్త్రీ పేరిటనే యుండవలెను. భర్త పేరిట నున్నచో ముందుగా ఆమె పేరిట వ్రాసి యీయవలెను. కోపము వచ్చినప్పుడెల్ల భార్యను వెడలగొట్టుదునని బెదిరించు భర్తలకు ఇది ఎట్లుండెనో ఊహించుకొనుడు. వెడలగొట్టుటకు ఆ యిల్లిప్పుడు ఆమెది!