మరమ్మతు మొరాయిస్తే.. కాగితమే ఆధారం
కారు షెడ్డుతో తగాదాల్లో వినియోగదారుడి హక్కులు, బాధ్యతలు

రాజమహేంద్రవరం: మరమ్మతుకు ఇచ్చిన కారు ఇంటికి చేరిన వారానికే మళ్లీ ఆగిపోతే తప్పెవరిది? పని సరిగా చేయలేదని యజమాని అంటాడు. తాను చేసిన పని బాగానే ఉందని, ఇప్పుడు వచ్చింది వేరే లోపమని మెకానిక్ అంటాడు. ఉభయ గోదావరి జిల్లాల్లో కారున్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే తగాదా ఇది. మాటామాటా పెరిగి షెడ్డు ముందే ముగిసిపోయే ఈ వివాదాలకు చట్టంలో స్పష్టమైన పరిష్కారం ఉంది. అయితే ఆ పరిష్కారం అందాలంటే కారును షెడ్డులో వదిలిన రోజు నుంచే యజమాని కొన్ని జాగ్రత్తలు పాటించాల్సి ఉంటుంది.

మరమ్మతు కూడా సేవే

డబ్బు తీసుకుని చేసే మరమ్మతు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలో 'సేవ' కిందకు వస్తుంది. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. ఒప్పుకున్న పనిలో నాణ్యత లోపించినా, నిర్లక్ష్యం చూపినా, తెలియాల్సిన సమాచారాన్ని దాచినా దాన్ని సేవాలోపంగా ఈ చట్టం పరిగణిస్తుంది. అసలు విడిభాగమని చెప్పి నకిలీది బిగించడం, చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానాల కిందకు వస్తాయి. పెద్ద కంపెనీ సర్వీస్ సెంటరైనా, రోడ్డు పక్కన రేకుల షెడ్డయినా చట్టం ముందు ఒకటే.

కారును అద్దెకు తిప్పేవారికి ఒక సందేహం కలుగుతుంటుంది. వాణిజ్య అవసరానికి సేవ పొందినవారు వినియోగదారులు కారన్నది నిబంధన. అయితే స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికే వాహనాన్ని వాడుకునే వ్యక్తికి ఇందులో మినహాయింపు ఉంది. సొంత టాక్సీని తానే నడుపుకుని బతికే వ్యక్తి ఫిర్యాదు చేయవచ్చు. పదుల సంఖ్యలో బండ్లు తిప్పే ట్రావెల్స్ సంస్థకు ఈ వెసులుబాటు దొరకడం కష్టం.

ఇంజిన్ వేడెక్కితే...

తగాదా ఎలా ముదురుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇంజిన్ వేడెక్కుతోందని కారును షెడ్డుకు ఇస్తే మెకానిక్ హెడ్ గ్యాస్కెట్ మార్చాడనుకుందాం. నాలుగు రోజులకు మళ్లీ వేడెక్కింది. దీనికి కనీసం మూడు కారణాలుండవచ్చు. ఒకటి, అల్యూమినియం హెడ్ వేడికి వంగి ఉండగా లేత్ షాపులో ఫేసింగ్ చేయించకుండానే కొత్త గ్యాస్కెట్ బిగించి ఉండవచ్చు. ఇది పనిలో లోపం. రెండు, కూలెంట్‌కు బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోయడంతో రేడియేటర్ గొట్టాలు పూడుకుపోయి ఉండవచ్చు. దాన్ని మెకానిక్ చూసి చెప్పాడా లేదా అన్నదే అక్కడ ప్రశ్న. మూడు, సూచిక ఎరుపు గీత దాటినా ఆపకుండా యజమానే కారు నడిపి ఉండవచ్చు.

ఏది నిజమో పరీక్షలో తేలుతుంది. హెడ్ ఉపరితలంపై తిన్నని స్కేలు ఉంచి ఫీలర్ గేజ్‌తో కొలిస్తే వంపు ఎంతో తెలుస్తుంది. కంప్రెషన్ పరీక్షలో ఏ సిలిండర్ బలహీనంగా ఉందో బయటపడుతుంది. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే అందులో నీరు చేరిందని అర్థం. ఇవేవీ చేయకుండా మాటలతో వాదించుకుంటే ఎవరి వాదన వారిదే అవుతుంది.

నిరూపణ భారం ఫిర్యాదీదే

సేవాలోపం జరిగిందని నిరూపించాల్సిన ప్రాథమిక బాధ్యత ఫిర్యాదు చేసినవారిదేనని ఎస్‌జీఎస్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. చాలామంది తెలియక తప్పు చేసేది ఇక్కడే. కోపంతో కారును వెంటనే వేరే షెడ్డుకు తీసుకెళ్లి ఇంజిన్ విప్పిస్తారు. కొత్త మెకానిక్ పాత సామాను పారేసి కొత్తది బిగిస్తాడు. కారు బాగవుతుంది గానీ, మొదటి మెకానిక్ తప్పు చేశాడనడానికి ఆధారం మిగలదు. పైగా రెండో షెడ్డులోనే పాడైందని మొదటివారు ఎదురు వాదించే వీలు కలుగుతుంది.

అందువల్ల ముందుగా లోపాన్ని రాతపూర్వకంగా మొదటి షెడ్డుకు తెలియజేసి, సరిచేసే అవకాశం ఇవ్వాలి. వారు స్పందించకపోతే ఫలానా తేదీన ఫలానా చోట కారును పరీక్ష చేయిస్తున్నామని, హాజరు కావాలని నోటీసు పంపాలి. లైసెన్సున్న మోటారు సర్వేయరు లేదా ఆటోమొబైల్ ఇంజినీరుతో పరీక్ష చేయించి, సంతకంతో కూడిన నివేదిక తీసుకోవాలి. విప్పుతున్నప్పుడు ఫొటోలు తీయించి, తీసిన భాగాలను భద్రపరచాలి. నిపుణుడితో పరీక్ష చేయించాలని కమిషన్‌నే కోరే వీలు కూడా ఉంది. ఫియట్ కారు లోపంపై నడిచిన సి.ఎన్.అనంతరాం కేసులో 2010లో సుప్రీంకోర్టు సైతం స్వతంత్ర నిపుణుడి పరీక్షకే మొగ్గు చూపింది.

డబ్బు కట్టేదాకా కారు ఇవ్వనంటే..?

బిల్లుపై వివాదం రాగానే కారును ఆపేయడం షెడ్డుల్లో మామూలే. ఇది పూర్తిగా చట్టవిరుద్ధమని చెప్పలేం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం ఒక వస్తువుపై తన శ్రమను, నైపుణ్యాన్ని వెచ్చించి ఒప్పుకున్న పని పూర్తిచేసిన వ్యక్తి, ఆ పనికి రావాల్సిన సొమ్ము అందేవరకు ఆ వస్తువును తన వద్ద ఉంచుకోవచ్చు. అయితే ఈ హక్కు ఆ పనికి మాత్రమే పరిమితం. వేరే ఒప్పందం లేకుండా ఎప్పటిదో పాత బాకీ కోసం ఇప్పటి కారును ఆపే హక్కు మెకానిక్‌కు లేదు. అదే చట్టంలోని 151వ సెక్షన్ ప్రకారం కారు తన వద్ద ఉన్నంతకాలం సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకోవాల్సిన బాధ్యత కూడా షెడ్డుదే.

కారు అత్యవసరమైతే బిల్లుపై 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి, సొమ్ము కట్టి, రసీదు తీసుకుని వాహనాన్ని విడిపించుకోవడం మేలు. అలా కట్టినంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదు.

వరద నీట మునిగిన కార్లు

డెల్టాలో మరో తరహా వివాదం వరదల తర్వాత తలెత్తుతుంది. 1986లో, మళ్లీ 2022 జులైలో గోదావరి ఉగ్రరూపం దాల్చి లంక గ్రామాలను ముంచెత్తింది. నీట మునిగిన కారును స్టార్ట్ చేయడమే పెద్ద పొరపాటు. నీరు గాలిలా నొక్కుకుపోదు. సిలిండర్లో నీరుండగా ఇంజిన్ తిరిగితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. బ్యాటరీ తీగ తప్పించి, నీరు తోడి, ఆయిల్ మార్చాకే ఇంజిన్ తిప్పాలి. ఇంటి వద్దే తాళం తిప్పి చూసిన యజమాని ఆ నష్టాన్ని షెడ్డుపై నెట్టలేడు. మునిగిన బండి అని తెలిసీ తిప్పిన మెకానిక్ బాధ్యత తప్పించుకోలేడు. ఏ స్థితిలో కారు షెడ్డుకు చేరిందో జాబ్ కార్డులో రాయించడం అందుకే కీలకం.

కంపెనీయా? డీలరా?

వారంటీలో ఉన్న కారు విషయంలో ఎవరిపై ఫిర్యాదు చేయాలన్నది మరో చిక్కు. వారంటీ షరతు ప్రకారం లోపమున్న భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడమే తయారీదారు బాధ్యత అని, మొత్తం కారు మార్చమనడం సరికాదని మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో పేర్కొంది. తయారీ లోపం లేనప్పుడు డీలరు చేసిన సేవాలోపాన్ని కంపెనీకి అంటగట్టలేమని 2021లో హోండా కార్స్ కేసులో తేల్చింది. మరమ్మతు పనిలోనే తేడా ఉంటే ఆ పని చేసినవారినే ప్రధాన ప్రతివాదిగా చేర్చాలి.

ఫిర్యాదు ఎక్కడ?

1986 చట్టం కింద కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో జిల్లా వినియోగదారుల ఫోరాలు పనిచేశాయి. 2019 చట్టంతో ఫోరాలు జిల్లా కమిషన్లుగా మారాయి. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షలు మించని వివాదాలను జిల్లా కమిషన్లు విచారిస్తాయి. రూ.5 లక్షల వరకు ఎలాంటి రుసుం లేదు. కారు ఎక్కడ బాగుచేయించినా ఫిర్యాదీ తాను నివసించే లేదా పనిచేసే ప్రాంతంలోని కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో చేయించిన పనిపై అమలాపురం వాసి విజయవాడ వెళ్లనక్కర్లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు.

వివాదం తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. నోటీసు అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబివ్వాలి. మరో 15 రోజులకు మించి గడువు పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చిచెప్పింది. పరీక్షలు అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైనది ఐదు నెలల్లో ముగియాలన్నది చట్టం లక్ష్యం. ఆచరణలో ఆలస్యం తప్పడం లేదు కనుక, రాజీకి వీలుంటే కమిషన్ సూచించే మధ్యవర్తిత్వాన్ని వినియోగించుకోవచ్చు. తీర్పుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలుకు వెళ్లే షెడ్డు చెల్లించాల్సిన మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. ఉత్తర్వును ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల నుంచి రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కమిషన్‌కు వెళ్లే ముందు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

ఈ జాగ్రత్తలు పాటిస్తే మేలు

* పని మొదలుపెట్టకముందే రాతపూర్వక ఎస్టిమేటు అడగాలి. ఖర్చు పెరిగితే తన అనుమతి తీసుకోవాలని అందులోనే రాయించాలి.
* జాబ్ కార్డులో కిలోమీటర్ల రీడింగు, చెప్పిన లోపం, ఇచ్చిన తేదీ ఉండాలి.
* మార్చిన పాత భాగాలను తప్పక తిరిగి తీసుకోవాలి.
* విడిభాగాలను యజమానే కొని తెస్తే ఆ సంగతి, కొన్న బిల్లు నంబరు రాయించాలి. నాసిరకం సామాను తెచ్చిచ్చి పనిని తప్పుపట్టడం మెకానిక్‌కు అన్యాయం చేయడమే.
* కారు తీసుకునేటప్పుడు మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కొంతదూరం నడిపి చూడాలి.
* పన్ను మిగులుతుందని బిల్లు వద్దనుకోకూడదు. బిల్లు లేకపోతే ఆ పని ఆ షెడ్డులోనే జరిగిందని నిరూపించడమే కష్టమవుతుంది.

నిజాయతీగా పనిచేసే మెకానిక్‌కు సైతం ఇవే కాగితాలు రక్ష. రేడియేటర్ మార్చాలని చెప్పినా యజమాని వద్దన్నాడని జాబ్ కార్డులో ఒక్క వాక్యం రాసి సంతకం తీసుకుంటే, రేపు ఆ లోపానికి అతను జవాబుదారీ కానక్కర్లేదు.