తాకేటాలో రహీం సాబ్

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' సినిమా చూడటానికి వెళ్తే హాల్లో పట్టుమని పదిహేను మంది లేరు. అజయ్ దేవ్‌గణ్ హీరో. కథ మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీంది. సినిమా అయ్యాక నా ముందు వరసలో కుర్రాడొకడు పక్కవాడితో "ఈయన నిజంగానే ఉన్నాడంటావా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. ఎందుకంటే అంతకు ఆరేళ్ల ముందు నా పరిస్థితీ దాదాపు అదే. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు రహీం సాబ్ సంగతి చెప్పింది హైదరాబాద్ కాదు. బర్మాలో, యాంగోన్ శివారు తాకేటాలో, హైదరాబాద్‌ని ఒక్కసారీ చూడని ఒక ముసలాయన.

2018లో ఉద్యోగం పని మీద యాంగోన్‌లో ఉన్నాను. ఊళ్లో అద్దెలు భరించలేక తాకేటాలో చిన్న ఇల్లు తీసుకున్నాను. పజుందాంగ్ వాగు దాటితే వచ్చే పేట అది. 1950ల చివర్లో, రంగూన్ నడిబొడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లని తీసుకొచ్చి ఇక్కడ కొత్త పేట కట్టారు. ఆ చివర తన్‌ల్యిన్ వెళ్లే పెద్ద వంతెన ఉంది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అడిగి మరీ చూసే మొసళ్ల ఫారం కూడా ఉంది. మిగతాదంతా రేకుల ఇళ్లు, బురద, టీ కొట్లు.

అది ప్రపంచ కప్ జరుగుతున్న జూన్ నెల. అక్కడి టీ కొట్టంటే మన ఇరానీ హోటల్ లాంటిదే, కాకపోతే కుర్చీలు పిల్లల కుర్చీలంత పొట్టిగా ఉంటాయి. సాయంత్రమైతే ప్రతి కొట్లోనూ టీవీ, టీవీ ముందు లుంగీలు. నేను వెళ్లే కొట్టుకి ఎదురుగా ఖాళీ జాగా ఒకటి ఉండేది. వాన పడితే చెరువు, ఆగితే మైదానం. పిల్లలు రెండింట్లోనూ ఆడేవారు.

ఒకరోజు ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే పక్క బల్ల దగ్గర పెద్దాయన నా వైపే చూస్తున్నాడు. ఫోన్ పెట్టగానే అడిగాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

శ్రీకాకుళం యాస. బర్మా నేల మీద ఆ మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. హైదరాబాద్ అన్నాను.

"హైదరాబాదా? అయితే రహీం గారి ఊరే కదేటి!"

నాకు తెలిసిన రహీంలందరూ ఒక్క క్షణం కళ్ల ముందు తిరిగారు. మా వీధి మెకానిక్ రహీం భాయ్ కూడా. "ఏ రహీం తాతా?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "బంతాట రహీం గారు. పోలీసోళ్ల జట్టు. మీకు తెల్దా?"

ఆ "తెల్దా"లో తిట్టు లేదు, వెటకారం లేదు. ఉత్త ఆశ్చర్యమే. అందుకే ఎక్కువ తగిలింది.

ఆయన తండ్రి కళింగపట్నం వైపు నుంచి రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాడు. అప్పట్లో ఆ రేవులో మన తెలుగు కూలీలు వేలల్లో ఉండేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారని బర్మా వాళ్లు మనవాళ్లందరినీ 'కోరంగీలు' అనేవారు. అది పిలుపుగానూ ఉండేది, తిట్టుగానూ ఉండేది. 1953లో ఇండియా, పాకిస్తాన్, సిలోన్, బర్మా జట్లు ఆడే కొలంబో కప్ రంగూన్‌లో జరిగింది. ఆ కప్పు ఇండియా గెలిచింది. పదేళ్ల పిల్లాడైన మన తాతని తండ్రి భుజాల మీద ఎక్కించుకుని ఆటకి తీసుకెళ్లాడట.

"మా అయ్యకి సదువు లేదు. ఎవురెవురో పేపరు సదివి సెప్తే ఇనీవోడు. బొంబాయిలో పెద్ద పెద్ద జట్లని పోలీసోళ్లు ఓడగొట్టీసినారంట, ఆళ్లకి ఆట నేర్పినాయన బడిపంతులంట అని సెప్పీవోడు. మనోళ్లకి ఒక పంతులున్నాడ్రా అనీవోడు."

'మనోళ్లు' అన్న మాట గమనించండి. కళింగపట్నం కూలీకి, హైదరాబాద్ పోలీసు జట్టుకి సంబంధం ఏమిటి? అప్పటికి ఇద్దరూ ఒక రాష్ట్రం వాళ్లు కూడా కాదు. కానీ పరాయి రేవులో మూట మోసేవాడికి 'మన' అనుకోవడానికి మ్యాప్ అక్కర్లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా తాతయ్య గుర్తొచ్చాడు. అమ్మ నాన్న ఆయన. చాదర్‌ఘాట్ హైస్కూల్లో చదువుకున్నాడు. మేం టీవీలో క్రికెట్ చూస్తుంటే వెనక కుర్చీలో కూర్చుని, "రహీం సాబ్ ఉన్నప్పుడు ఫతే మైదాన్‌లో చూడాల్రా ఆట" అని మొదలుపెట్టేవాడు. "తాతయ్యా, లాస్ట్ ఓవర్!" అని మేమంతా ఒక్కసారిగా అరిచేవాళ్లం. ఆయన ఊరుకునేవాడు. 1999లో పోయాడు. ఆ మాట తర్వాత ఏం చెప్పబోయేవాడో మేమెవరం వినలేదు.

తెల్లారి అమ్మకి ఫోన్ చేశాను. "మీ తాతయ్యకి ఆయన స్కూల్లో సారేరా. పిచ్చి అభిమానం" అంది. ఆ మాటతో నెల్లాళ్లు దొరికినదల్లా చదివాను. చదివింది చదివినట్టు సాయంత్రం కొట్లో తాతకి చెప్పేవాణ్ని. మీకూ చెప్తాను.

రహీం సాబ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడు మొదలుకొని 1954 దాకా వరసగా 5 సార్లు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే డ్యురాండ్ కప్ కూడా పట్టుకొచ్చింది. కలకత్తా క్లబ్బులదే రాజ్యమైన రోజుల్లో ఇదంతా చేసింది కానిస్టేబుళ్లు!

ఎలా చేశారన్నది ఇంకా బాగుంటుంది. అప్పట్లో మనవాళ్ల ఆటంటే ఎవడి కాళ్ల దగ్గరికి బంతి వస్తే వాడు దాన్ని ఆడించుకుంటూ నలుగురిని తప్పించుకుని పరిగెత్తడమే. చూసేవాళ్లకి పండగ. రహీం సాబ్ దానికి మందు కనిపెట్టారు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో పోటీలు పెట్టారు. బంతి రాగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలంటూ ఇంకో రకం పోటీ. బడిపంతులు బుర్ర కదా, తప్పు చెయ్యొద్దని చెప్పడం కంటే తప్పు చెయ్యడానికి వీల్లేని ఆట పెట్టడం మేలనుకున్నారు.

ఇది చెప్పినప్పుడు తాత తొడ చరిచాడు. "చిన్‌లోన్!" అన్నాడు. బర్మా వాళ్లు గుండ్రంగా నిలబడి పేము బంతిని కింద పడకుండా కాలితో ఎగరేస్తుంటారే, ఆ ఆట. అందులో గెలుపోటములు ఉండవు. అందరూ కలిసి బంతిని నిలబెట్టాలి, అంతే. "ఈళ్లకి పుట్టుకతో ఒచ్చీసింది, మనోళ్లకి పంతులు నేర్పాల్సొచ్చింది" అని నవ్వాడు.

తాతకి బాగా నచ్చింది బలరాం కథ. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ కుర్రాడు. పేదిల్లు. సాధనకి రమ్మని రహీం సాబ్ పిలిస్తే, అంత దూరం రావడానికి డబ్బుల్లేవన్నాడట. అద్దె సైకిల్‌కి డబ్బులు రహీం సాబే ఇచ్చారు. ఆ సైకిల్ మీద వచ్చినవాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లాడు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది మన జట్టు. చాలామందికి కాళ్లకి బూట్లు కూడా లేవు. అదే రహీం సాబ్ నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల నేల మీదే 4-2తో ఓడించిన జట్టుని తయారుచేశారు. నెవిల్ డిసౌజా 3 గోల్స్ కొట్టాడు. ఇండియాకి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం మళ్లీ అంత దూరం పోలేదు.

ఇక జకార్తా. ఇది చెప్పిన రోజు తాత తన మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను తెలుగులో, ఆయన బర్మీస్‌లో. కొట్లో ఇంకో నలుగురు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

1962 ఆసియా క్రీడలు. రహీం సాబ్‌కి అప్పటికే ఊపిరితిత్తుల కేన్సర్. మొదటి ఆటలోనే కొరియా చేతిలో 2-0తో ఓడారు. థాయ్‌లాండ్‌తో ఆడేటప్పుడు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. పైగా ఊరు ఊరంతా మన మీద కోపంగా ఉంది. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని రానివ్వకపోవడం తప్పని భారత అధికారి సోంధీ అన్నందుకు జకార్తాలో గొడవలయ్యాయి. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ కొరియానే. స్టేడియంలో లక్షమంది దాకా ఉంటే, మన వైపు అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉంది! రహీం సాబ్ ఏం చేశారంటే, వెనక కాపు కాసే జర్నైల్‌ని కుట్ల తలతోనే ముందు వరసలో పెట్టారు. గోల్ దగ్గర పొడగరి తంగరాజ్‌ని నిలబెట్టారు. 20 నిమిషాలు గడిచేసరికి పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టేశారు. 2-1. బంగారు పతకం. 1951 ఢిల్లీ తర్వాత రెండోది. ఇప్పటిదాకా ఆఖరిది.

1963 జూన్ 11న రహీం సాబ్ పోయారు.

మనవడికి అది చెప్పి తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతో, "మరుసటేడే మాకు కష్టాలు మొదలైనాయి బాబూ" అన్నాడు.

1964లో బర్మా సర్కారు కొట్లు, వ్యాపారాలు స్వాధీనం చేసుకుంది. 50, 100 చాట్ల నోట్లు చెల్లవంది. మనవాళ్లు లక్షల్లో ఓడలెక్కారు. తాత అన్న విశాఖపట్నం వెళ్లిపోయి కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో స్థిరపడ్డాడు. తాత మాత్రం ఉండిపోయాడు. అదే ఏడాది కౌలాలంపూర్‌లో మెర్డెకా కప్ ఫైనల్లో బర్మా ఇండియాని 1-0తో ఓడించింది. బర్మా ఫుట్‌బాల్‌కి బంగారు రోజులవి. నేపాలీ మూలాలున్న సుక్ బహదూర్ వాళ్ల కెప్టెన్. 1966లో ఆసియా బంగారం బర్మాదే. 1970 బ్యాంకాక్ సెమీఫైనల్లో మళ్లీ ఇండియా, బర్మా. ఇండియా కెప్టెన్ నయీముద్దీన్ హైదరాబాద్ వాడే. బర్మా 2-0తో గెలిచింది.

ఎప్పట్నుంచో అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "బ్యాంకాక్ ఆటప్పుడు నువ్వు ఎవరి వైపు తాతా?"

"రేడియో సుట్టూ ముప్పైమందిమి. అందరూ బర్మా అని అరిసినారు, నేనూ అరిసినాను. ఇక్కడే పుట్టినాను కదా, దొంగరుపు కాదు, నిజంగానే అరిసినాను. ఇంటికెల్లి పడుకున్నాక మా అయ్య గుర్తొచ్చినాడు. రహీం గారు బతికుంటే ఇలాగయ్యీదా అనీవోడు కదా అనిపించింది. ఆ రేతిరి గెలిసినాను, ఓడిపోనాను కూడా."

మాట మారుస్తూ అడిగాడు. "ఇప్పుడు మీ ఊళ్లో ఎవురాడుతున్నారు? పోలీసోళ్ల జట్టు ఎలాగుంది?"

ఏం చెప్పను? ఆ జట్టు ఎప్పుడో కథల్లోకి పోయిందని, ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియం అయిందని, అక్కడ నేను చూసినవన్నీ క్రికెట్ ఆటలూ రాజకీయ సభలేనని చెప్పాను. ఆయన తలూపాడు. "పోనీలే. ఇక్కడ మా సుక్ బహదూర్‌ని మాత్రం ఈ కుర్రోళ్లకి తెలుసా ఏటి?" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అని అర్థమైంది.

2019 మొదట్లో తిరిగొచ్చేశాను. 2021 ఫిబ్రవరి తర్వాత టీ కొట్టు నంబర్ కలవలేదు. ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాను. సినిమా చూసి బయటికొచ్చాక మొదట చేసిన పని కూడా అదే.

నేను బయల్దేరే ముందు ఆదివారం తాత ఒక ముచ్చట తీర్చుకున్నాడు. ఖాళీ జాగాలో ఆడే పిల్లల్ని పిలిచి, బంతిని కాళ్ల దగ్గర ఉంచుకోకుండా ఆడి గెలిచిన జట్టుకి కొట్లో సమోసాలన్నాడు. ఆయన బర్మీస్‌లో వివరిస్తుంటే నాకర్థమైనవి రెండే మాటలు. రహీం, హైదరాబాద్. పిల్లలు సరేనన్నారు. అయిదు నిమిషాలు బంతి కాలు నుంచి కాలుకి నీళ్లు చిమ్ముకుంటూ భలే పరిగెత్తింది. ఆరో నిమిషంలో పొట్టివాడొకడు ఆగలేక బంతిని తీసుకుని ముగ్గుర్ని తప్పించి గోల్ కొట్టేశాడు. అందరూ కేకలు. తాత కూడా లేచి కేక వేశాడు.

తర్వాత నా వైపు తిరిగి, "పంతులు సూత్తే తన్నీవోడు" అంటూ సమోసాలు చెప్పాడు. రెండు జట్లకీ.