కిలో పప్పు లెక్క

ఆదివారం మనవరాలు హైటెక్ సిటీ నుంచి జీడిమెట్ల వచ్చి, మా గడపలో కూర్చుని కాఫీ తాగుతోంది. వెనక వాటాలో ఉండే అమ్మాయి పసివాణ్ని చంకనేసుకుని వచ్చి టీకాల కార్డు చూపించింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది.

"తాతగారూ, పద్నాలుగు వారాల సూది పోయిన బుధవారం వెయ్యాలండీ. డ్యూటీ మానితే ఆ రోజు కూలి పోతుందని వెళ్లలేదు. ఇప్పుడు మళ్లీ మొదటినుంచీ వెయ్యాలా?"

అక్కర్లేదమ్మా, మిగిలినది వేయిస్తే చాలు అన్నాను. ఆమె అటు వెళ్లిందో లేదో, "ఇలాంటివాళ్లకి జరిమానా వెయ్యాలి తాతా!" అని లేచింది మా పిల్ల.

జరిమానా కథ పాతదే తల్లీ. ఇంగ్లండులో 1853లో పసిపిల్లలకి మశూచి టీకా తప్పనిసరి చేశారు. 1885లో లెస్టర్ ఊళ్లో వేలమంది రోడ్డెక్కారు. 1898కి, మనసొప్పనివాళ్లని వదిలేస్తామని చట్టం మార్చక తప్పలేదు. మన సుప్రీంకోర్టు కూడా 2022లో, ఎవరికీ బలవంతాన టీకా వెయ్యకూడదంది.

అయినా ఆ అమ్మాయి టీకా వద్దందా? కూలి పోతుందంది. టీకా కష్టం ఇవాళే కనిపిస్తుంది: పోయిన కూలి, ఆటో ఖర్చు, రాత్రంతా ఒళ్లు కాలి ఏడ్చే పిల్లాడు. లాభమో, కంటికి ఆనదు. రాని కోరింత దగ్గుని ఎవరు చూశారు? అయిదు జబ్బుల్ని ఆపే ఆ సూదిలో హెపటైటిస్-బి కూడా ఉంది. దాని టీకాని 1997లో దేశంలో మొదట తయారుచేసింది మన శాంతా బయోటెక్, ఈ మేడ్చల్ దారిలోదే. మందు పక్కింటిదైనా, ఒక్కరోజు కూలి అడ్డం పడింది చూడు.

ఆ తక్కెడలో ఇవాళ్టి వైపు చిన్న బరువు పెడితే? రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ పల్లెల్లో అదే చేశారు, తర్వాత 2019లో నోబెల్ అందుకున్న బెనర్జీ, డఫ్లోల బృందం. ఏమీ చెయ్యని ఊళ్లలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు నూటికి 6. నెలనెలా తప్పకుండా శిబిరం పెట్టినచోట 18. శిబిరంతోపాటు సూదికి కిలో పప్పు, అన్నీ పూర్తయితే భోజనం పళ్లాలు ఇచ్చినచోట 39!

"పప్పు దండగ కాదా?" అంది. అక్కడే ఉంది తమాషా. పదిమంది వచ్చినా ముప్ఫైమంది వచ్చినా నర్సు జీతం అదే, బండి అదే. జనం పెరిగేసరికి, పప్పు ఖరీదు కలుపుకున్నా ఒక్కో బిడ్డకి పడ్డ ఖర్చు దాదాపు సగమైంది. తట్టు టీకా పొడిని నీళ్లలో కలిపాక నాలుగు గంటలే ఆయుష్షు, మిగిలింది పారబొయ్యాల్సిందే. తల్లులు తక్కువొచ్చిన రోజు అసలు దండగ అదీ.

మన దగ్గరా 2017లో కేసీఆర్ కిట్ అని వచ్చింది, సర్కారు దవాఖానాలో కాన్పయితే మగబిడ్డకి 12,000, ఆడబిడ్డకి 13,000. అందరికీ కిట్టే గుర్తు. నాకు నచ్చింది వాయిదాలు: మూడున్నర నెలల టీకాలకి 2,000, తొమ్మిదో నెల తట్టు టీకాకి 3,000. ఎవరో బాగా ఆలోచించారు. కాకపోతే బ్యాంకులో ఎప్పుడో పడే సొమ్ముకీ, అప్పటికప్పుడు కొంగున పడే పప్పుకీ తేడా ఉంది. నేనైతే పప్పే ఇస్తాను.

"తొమ్మిదో నెలే ఎందుకు?"

కడుపులో ఉండగానే తల్లి తన యాంటీబాడీలని మాయ ద్వారా బిడ్డకి సారె పెట్టినట్టు పెట్టి పంపుతుంది. అవి కాపలా ఉన్నన్నాళ్లు, టీకాలోని నీరసపు వైరస్‌ని కూడా దొంగనుకుని తరిమేస్తాయి. బిడ్డ ఒళ్లు సొంతంగా పాఠం నేర్చుకోదు. సారె కరిగిపోయేదాకా ఆగాలి. మరీ ఆగితే తట్టే ముందొస్తుంది. టీకాల్లేనిచోట ఒక్క రోగి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటిస్తాడు. అది ఆగాలంటే నూటికి 95 మందికి రక్షణ ఉండాలి.

మా పిల్ల కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి, "తాతా, ఆవిడకి రోజుకి కూలెంత?" అంది.

నాకేం తెలుసు, వెనక వాటాకి వెళ్లి నువ్వే అడుగు అన్నాను. బుధవారానికి ఇంకా మూడు రోజులుంది.