లంబసింగిలో అంత చలి ఎందుకు?

నర్సీపట్నంలో మామూలు చొక్కాతో బస్సెక్కి, ఘాట్‌రోడ్డు మలుపులు దాటి లంబసింగిలో దిగితే డిసెంబరులో పళ్లు టకటకలాడతాయి. తూర్పు కనుమల్లోని ఈ ఊరు దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. అంత పైకెళ్తే గాలి సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది.

మరి తెల్లవారుజామునే ఎక్కువ వణుకెందుకు? మబ్బుల్లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట నీళ్లలా జారి పల్లంలో పేరుకుంటుంది. అందులోని ఆవిరే సన్నటి బొట్లుగా మారి పొగమంచవుతుంది. ఊరికి కొర్రబయలు అనీ పేరుంది: బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారట!

చుట్టుపక్కల గూడేల గిరిజనుల కాఫీ పంటకు ఈ చల్లదనమే ఆధారం. మండే ఎండ కాఫీకి పడదు. అందుకే సిల్వర్‌ ఓక్‌ నీడన పెంచి, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారు. చలికాలంలో ఎర్రటి కాఫీ పళ్లు కోస్తుంటే ఆకుల మీది మంచు మోచేతుల దాకా తడుపుతుంది.